అక్క చుట్టిన సున్నాలు

గేటవతల ఎవరికి ఆయాసం వచ్చినా, ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరు మేడ మీంచి జారిపడినా పదిహేనేళ్ళుగా జనం చేసే పని ఒకటే. నీళ్ళ ట్యాంకు కిందికి పరుగెత్తుకెళ్ళి, అక్కడ నిలబెట్టి ఉన్న అంబులెన్సు తలుపు మీద అరచేత్తో రెండు చరుపులు చరచడం. ఫోను చెయ్యాలన్న ఆలోచన వాళ్ళకి తట్టేదే కాదు. పక్కింటివాళ్ళని పిలవడానికి ఎవరైనా ఫోను చేస్తారా? ఆ బండీ అంతే, పక్కింటి మనిషిలాంటిది.

గేటవతల అంటే రైలుకట్టకీ కాలవకీ మధ్య ఇరుక్కుపోయిన మూడొందల ఇళ్ళు. కాలవ మీద వంతెన లేదు. లోపలివాళ్ళు బయటికి రావాలన్నా, బయటివాళ్ళు లోపలికి పోవాలన్నా రైలు గేటు ఒక్కటే దారి. యార్డులో చోటు లేని రోజున గూడ్సు బండి వచ్చి సరిగ్గా ఆ గేటుకి అడ్డంగా పడుకునేది. పడుకుంటే పది నిమిషాలు, ఒక్కోసారి అరగంట. ఆ అరగంటా గేటవతల మనుషులకి ట్యాంకు కింది బండే దిక్కు. ఆస్పత్రి కట్టకి ఇవతల ఉన్నా, ముందు ప్రాణం నిలబెట్టే ఆక్సిజను, ఇంజక్షను, ఆ రెండూ ఇచ్చే నర్సు, అన్నీ ఆ బండిలోనే ఉండేవి.

బండి నడిపే డ్రైవరుకి యాభైతొమ్మిదో ఏడు నడుస్తోంది. గేటవతల అతని పేరు ఎవరికీ తెలియదు. అతని అక్క ఇల్లు ట్యాంకుకి నాలుగిళ్ళ అవతల. ఆవిడ గుమ్మంలో నిలబడి తమ్ముడూ అని వీధి చివరిదాకా వినబడేట్టు పిలుస్తుంటే విని విని, ఊరంతా అదే పిలుపు పట్టుకుంది. ఎనభై ఏళ్ళ ముసలాయనకీ తమ్ముడే, నాలుగేళ్ళ పిల్లకీ తమ్ముడే. ఆ పిల్ల తమ్ముడూ అన్నప్పుడల్లా అతను చేతులు కట్టుకుని, చెప్పక్కా అనేవాడు.

అక్క అతనికన్నా పన్నెండేళ్ళు పెద్ద. తల్లి పోయినప్పుడు అతనికి మూడేళ్ళు. చంకనేసుకుని పెంచింది అక్కే. ఇప్పుడా మనిషికి గుండె సగమే పనిచేస్తోందని డాక్టర్లు తేల్చారు. ఉన్నట్టుండి ఊపిరి అందదు, పెదాలు నల్లబడతాయి. ఆ ఏడాదిలోనే మూడుసార్లు అలా అయింది. మూడుసార్లూ పక్కింటి దర్జీ ఆవిడ పరుగెత్తుకొచ్చి బండి తలుపు చరిచింది, మూడుసార్లూ రెండు నిమిషాల్లో అక్క ముక్కుకి ఆక్సిజను గొట్టం తగిలింది. ఐదారు నిమిషాలు దాటితే మాత్రం చేతిలో ఏమీ ఉండదని నర్సు అతన్ని పక్కకి పిలిచి చెప్పింది. తన ఇంటికి వచ్చి ఉండమని అతను ఎన్నిసార్లో బతిమాలాడు. అతని వాటా మూడో అంతస్తులో ఉంది. నా ఊపిరి మొదటి మెట్టు దగ్గరే కూర్చుండిపోతుందిరా, నేనొక్కదాన్నీ పైకొచ్చి ఏం చేసుకోను, అని నవ్వేసేది అక్క.

ఆ ఇంటి గోడకి ఒకే మేకుకి పదిహేను క్యాలెండర్లు ఒకదాని మీద ఒకటి వేలాడేవి. బండి గేటవతల ఎవరినైనా ఎక్కించుకుని ఆస్పత్రిలో దింపి వెనక్కి వచ్చాక, అతను అక్క దగ్గర గ్లాసుడు టీ తాగేవాడు. అతను టీ ఊదుకుంటూ ఉండగా అక్క ఎర్ర పెన్సిలుతో ఆనాటి తారీకు చుట్టూ సున్నా చుట్టేది. రెండుసార్లు వెళ్ళిన రోజున రెండు సున్నాలు. ఎందుకే ఇదంతా అని ఒకసారి అడిగాడు.

"నువ్వెలాగూ రాయవు కదరా. ఎవరో ఒకరు రాసిపెట్టాలిగా" అంది అక్క.

రాయకపోవడానికి కారణం ఉంది. బండి ట్యాంకు కిందికి వచ్చిన కొత్తల్లో, నెలలు నిండిన ఒక పిల్ల గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి బండి దగ్గర కూలబడింది. అతను వెనకా ముందూ చూడకుండా ఎక్కించుకుని పోయాడు. తల్లీబిడ్డా బతికారు. వారం తిరక్కుండా అతని చేతికి మెమో వచ్చింది. కంట్రోల్ రూము నుంచి కాల్ రాకుండా బండి కదిలితే ఉద్యోగం ఉండదని అందులో రాసి ఉంది. పోనీ తలుపు చరిచినవాళ్ళ చేత అక్కడికక్కడే ఫోను చేయించాడు. అవతలివాళ్ళు ఏ వీధి, ఎన్నో నంబరు ఇల్లు, దగ్గరలో ఏముంది అని ఇరవై ప్రశ్నలు వేశారు. గేటవతల ఇళ్ళకి నంబర్లే లేవు. ఆ ప్రశ్నలు పూర్తయ్యేలోపు ఒక ముసలాయన బండి మెట్టు మీదే కన్ను మూశాడు.

ఆనాటి నుంచి అతను ఒక ఉపాయం పట్టాడు. ఆస్పత్రికి ఎదురుగానే టైర్లకి గాలి పట్టే షాపు ఉంది. గేటవతల నుంచి ఎవరిని తీసుకెళ్ళినా లాగ్‌బుక్కులో టైర్లలో గాలి అని రాసేవాడు. కిలోమీటర్లు సరిపోయేవి. మనిషిని ఆస్పత్రి గుమ్మం దగ్గర దింపితే, లోపల సొంతంగా వచ్చారని రాసుకునేవాళ్ళు. ఖర్చయిన ఆక్సిజనుకి బండిలో నర్సు తన పుస్తకంలో సిలిండరు లీకు అని రాసేది. ఆవిడ నోరు పదునుగానీ మనసు వెన్న. అన్నా, మన బండి టైర్లకి తిన్నది ఒంటబట్టడం లేదు, ఎంత గాలి పెట్టినా చాలట్లేదు, అని నవ్వేది. అలా పదిహేనేళ్ళు నడిచిపోయింది. ఒక్క ప్రాణానికీ అన్యాయం జరగలేదు. ఒక్క అక్షరమూ నిజం రాయలేదు.

కంట్రోల్ రూముకి కొత్తగా ఒక ఇంజనీరు వచ్చాడు. మంచివాడు, మాట మెత్తన. ఊరి పటం గోడకి సరిపడా తెర మీద పెట్టించి, మూడేళ్ళలో ఎక్కడెక్కడి నుంచి కాల్స్ వచ్చాయో అక్కడల్లా ఎర్ర చుక్క పెట్టించాడు. బళ్ళన్నీ పచ్చ చుక్కలు. డ్రైవర్లు అతనికి చుక్కల ఇంజనీరు అని పేరు పెట్టేశారు. ఒకరోజు అందరినీ కూర్చోబెట్టి అతను చెప్పింది సూటిగానే ఉంది. బళ్ళు ఉన్నచోటే ఉంటే జనానికి అందవు. కాల్స్ ఎక్కువ వచ్చే చోట్ల బళ్ళు ఉండాలి. ఒక బండి కాల్ మీద పోతే, ఆ ఖాళీ పూడ్చడానికి మిగతావి జరగాలి. ఎవరు ఫోను చేసినా ఎనిమిది నిమిషాల్లో బండి గుమ్మంలో ఉండాలి.

ట్యాంకు కింది బండిని మిల్లు సెంటరుకి మార్చేస్తున్నట్టు తెర మీద చూపించాడు. రోజులో రెండు గంటలు గేటు దగ్గరే గడిచిపోతోందని, బండిని గేటు వెనక దాచిపెట్టినట్టుందని అన్నాడు. డ్రైవరు మెల్లిగా లేచి, మరి గేటవతల వాళ్ళ సంగతేమిటని అడిగాడు. ఇంజనీరు ఏదో నొక్కి చూశాడు. మూడేళ్ళలో గేటవతల నుంచి పదకొండు కాల్స్.

"పదకొండుకి నేను బండినివ్వలేనండీ. ఇంకా ఉన్నాయంటే చూపించండి, రేపే వెనక్కి పంపిస్తాను" అన్నాడు ఇంజనీరు. "నా దగ్గరున్నవి మీరు రాసిచ్చిన కాగితాలే. వాటిలో లేని జబ్బు నాకెలా కనబడుతుంది?"

తర్వాత నవ్వుతూ, అన్నట్టు మీ బండికి వారానికి మూడుసార్లు గాలి పట్టిస్తున్నారేమిటి, టైర్లు మార్పించమంటారా అని కూడా అడిగాడు. గదిలో అందరూ నవ్వారు. నర్సు తల దించుకుంది. డ్రైవరు మళ్ళీ కూర్చున్నాడు. నోటిదాకా వచ్చిన మాట ఆ రోజు మింగేశాడు.

బండి మిల్లు సెంటరుకి వెళ్ళిపోయింది. ట్యాంకు కింద నూనె మరక ఒకటి మిగిలింది, గుండ్రంగా, పెద్ద పళ్ళెమంత.

కొత్త పద్ధతి పనిచెయ్యలేదా అంటే, బ్రహ్మాండంగా పనిచేసింది. మొదటి వారంలోనే మిల్లు దగ్గర గుండె పట్టుకుని పడిపోయిన ఒక కాపలాదారు దగ్గరికి నాలుగు నిమిషాల్లో చేరారు. మనిషి లేచి కూర్చున్నాడు. ఇంతకుముందైతే పోయేవాడే, ఆ మాట డ్రైవరుకీ తెలుసు. అతన్ని లోలోపల తినేసింది కూడా అదే. ఇంజనీరు చెడ్డవాడై, పద్ధతి చెడ్డదై ఉంటే నోరు చేసుకోవచ్చు. లెక్క సరైనదే. లెక్కలోకి ఇచ్చిన కాగితమే తప్పు. ఆ తప్పు తన చేతిరాత.

బండిలో స్టీరింగు పక్కన చిన్న తెర ఒకటి బిగించారు. ఒక బండి కాల్ మీద కదిలితే చాలు, ఆ తెరలోంచి ఒక ఆడగొంతు, స్థానం మారండి అనేది. కోపం లేదు, తొందర లేదు, తెల్లటి గొంతు. మిల్లు సెంటరు నుంచి మార్కెట్టుకి, మార్కెట్టు నుంచి బైపాస్‌కి, అక్కణ్ణించి గోడౌన్ల వెనక్కి. కుర్చీలాట ఆడిస్తోందన్నా, పాట మాత్రం మనకి వినబడదు, అంది నర్సు. డ్రైవరుకి మాత్రం ప్రతిసారీ ఒకటే లెక్క మనసులో తిరిగేది. ఇక్కడి నుంచి గేటుకి ఎంతసేపు? మిల్లు నుంచి ఆరు నిమిషాలు. మార్కెట్టు నుంచి పదకొండు. గోడౌన్ల దగ్గర నుంచి ఇరవై. ఆ పైన గేటు మూసి ఉంటే ఎంతో, అది రైలుకే తెలియాలి.

ఇంట్లో కోడలు అతని మొహం చూస్తూనే ఉంది. ఆ అమ్మాయి కంట్రోల్ రూములోనే పనిచేస్తుంది. తెర ముందు కూర్చుని ఫోన్లు ఎత్తడం, బళ్ళు పంపడం ఆమె పని. డ్యూటీలో అతన్ని ఏడో బండి అంటుంది, ఇంట్లో మావయ్యా అంటుంది. ఒకరోజు పొద్దున ఇద్దరూ మెట్లు దిగుతుండగా రెండో అంతస్తు దగ్గర ఆగింది.

"మావయ్యా, నా తెర మీద కాల్స్ లేని చోటు బూడిదరంగులో కనబడుతుంది. గేటవతల మొత్తం బూడిదరంగే. ఊళ్ళో ఇంకొక్క చోటే ఆ రంగులో ఉంది."

"ఏ చోటు?"

"శ్మశానం."

అతను మిగతా మెట్లు దిగాడు. కింద స్కూటరు దగ్గర నిలబడి, గాలి సంగతీ లీకు సంగతీ మొత్తం చెప్పేశాడు. కోడలు విని హెల్మెట్టు బెల్టు బిగించుకుంది. ఇంజనీరు దగ్గరికి ఇవాళే పోదాం పదమంది. అతను నర్సు సంగతి ఎత్తాడు. తనకైతే ఇంకో ఏడు నెలల సర్వీసు, పోతే పోయింది, ఆవిడకి ఇంకా పన్నెండేళ్ళుంది, ఇంట్లో సంపాదించే మనిషి ఆవిడొక్కతే అన్నాడు. ముందు ఆవిడతో మాట్లాడతానన్నాడు.

మాట్లాడాడు. నర్సు ఎప్పుడూ లేనిది, మెత్తగా బతిమాలుకుంది. ఏడు నెలలే కదన్నా, నువ్వు దిగిపోయే రోజున చెప్పేద్దువు, ఈలోగా నేను ఇంకెక్కడికైనా బదిలీ చేయించుకుంటాను అంది. అతను సరేనన్నాడు. ఆవిడ బతిమాలినందుకే సరేనన్నానని తనకి తాను చెప్పుకున్నాడు. అసలు సంగతి, ఆ పాత మెమో కాగితం మడతలు ఇంకా అతని కళ్ళల్లో ఉన్నాయి.

చెప్పకుండా బండిని రప్పించే దారి ఒకటి చూశాడు. సెలవు రోజున గేటవతలకి పోయి ఇంటింటికీ తిరిగాడు. ఇకమీదట ట్యాంకు దగ్గరికి పరుగెత్తకండి, ఫలానా నంబరుకి ఫోను చెయ్యండి, ఎక్కువ కాల్స్ వస్తే బండి మళ్ళీ వస్తుంది, అని చెప్పాడు. అందరూ తలలూపారు. అందరూ టీ తాగి వెళ్ళమన్నారు. ఫోన్లలో నంబరు ఎక్కించుకోమంటే, అతని సొంత నంబరు అడిగి ఎక్కించుకున్నారు. నువ్వుండగా వాళ్ళెందుకు తమ్ముడూ, వాళ్ళకి మేమెవరమో తెలుసా ఏమన్నా, అంది ఒక పెద్దావిడ. అక్కకి ఫోను చేతికిచ్చి నంబరు నొక్కడం నేర్పబోయాడు. నాకు ఆయాసం వచ్చినప్పుడు మాటే రాదు, ఆ ఇరవై ప్రశ్నలకీ జవాబు నువ్వు చెప్తావా, అని అడిగింది. దర్జీ ఆవిడ చేత చేయించమన్నాడు. ఆవిడా తలూపింది.

బండి వెళ్ళిపోయిన మూడో వారంలో అక్కే అతనికి ఫోను చేసి చెప్పింది. వెనక వీధిలో పసిపిల్లకి ఫిట్సు వచ్చిందట. తండ్రి పిల్లని భుజాన వేసుకుని ట్యాంకు కిందికే పరుగెత్తాడట. అక్కడ బండి లేదని అతనికి తెలుసు. తెలిసీ కాళ్ళు అటే పోయాయి. నూనె మరక పక్కన నిలబడి, ట్యాంకు స్తంభాన్నే రెండుసార్లు అరచేత్తో చరిచాడట. ఆ రోజు అదృష్టం, గేటు తీసి ఉంది, ఎవరో మోటారు సైకిలు మీద తీసుకుపోయారు. పిల్ల బతికింది.

"ఆ చప్పుడు నాకు ఇంట్లోకి వినబడిందిరా" అంది అక్క. "ఎప్పటిలా నువ్వే బండి తీస్తున్నావనుకుని పెన్సిలు చేతిలోకి తీసుకున్నాను."

అక్క కాసేపు ఊపిరి కూడదీసుకుంది. తర్వాత, గోడ మీద పదిహేనేళ్ళ క్యాలెండర్లున్నాయి, పట్టుకుపోయి మీ ఇంజనీరుకి చూపించరాదూ, అంది. నీ ఉద్యోగానికి ఏమవుతుందో నాకు తెలుసు, తెలిసే చెప్తున్నాను, అని కూడా అంది. తను కడుపులో దాచుకున్నదంతా అక్క గోడకి తగిలించి పెట్టుకుందన్నమాట.

"గురువారం వస్తానక్కా. మధ్యాహ్నం. మూటకట్టి ఉంచు" అన్నాడు.

"బండిలో వస్తావా?"

"బండిలోనే వస్తాను. భోజనం టైములో అటు తిప్పుతాను."

ఆ ఫోను వచ్చింది శుక్రవారం. శనివారం, ఆదివారం, సోమవారం, మంగళవారం, బుధవారం. ఆ ఐదు రోజుల్లో ఏ రోజైనా కట్ట దాటి పోయి తెచ్చుకోవచ్చు. గురువారమని తనే గడువు పెట్టుకున్నాడు. గడువు పెట్టుకుంటే అంతదాకా ధైర్యం అక్కర్లేదు కదా.

గురువారం ఎండ పొద్దున్నే ముదిరింది. బండి మిల్లు సెంటరులో ఉంది. పన్నెండున్నరకి అతను నర్సుతో, ఇవాళ చెప్పేస్తున్నానమ్మా, నీ పేరు రాకుండా చూస్తాను అన్నాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, పదిహేనేళ్ళు సిలిండరు లీకైన బండిలో నేను లేనని ఎవరు నమ్ముతారన్నా, అంది. అంతకు మించి అడ్డు చెప్పలేదు. అతను తాళం తిప్పాడు. గేటు వైపు పట్టుమని వంద గజాలు పోయాడో లేదో తెర మోగింది. మార్కెట్టులో మెట్ల మీంచి పడిన ముసలాయన. కాల్ అంటే కాలే. బండి వెనక్కి తిప్పాడు.

ముసలాయన్ని ఆస్పత్రిలో దింపేసరికి ఒంటిగంట. ఎదురుగా గాలి షాపు. షాపువాడు చెయ్యూపాడు, ఇటీవల రావడం లేదేం అన్నట్టు. ఇప్పుడైనా గేటు వైపు పోదామనుకుంటుండగానే తెల్లటి గొంతు పలికింది. స్థానం మారండి. గోడౌన్ల వెనక. ఇంకో బండి అటు నుంచి కదిలింది, ఆ ఖాళీ పూడ్చాలి. పది నిమిషాలుండి తిరిగొచ్చేద్దాం అనుకున్నాడు. వెళ్ళి గోడౌన్ల వెనక నీడలో ఆపాడు.

ఒంటిగంటా పద్దెనిమిదికి అతని ఫోను మోగింది. దర్జీ ఆవిడ. ట్యాంకు దగ్గరికి పోయాను తమ్ముడూ, చూశాను, తలుపు లేదు, అంటోంది. బండి లేదు అనబోయి తలుపు లేదంటోంది. ఇంటి దగ్గర ఎవరున్నారని అడిగాడు. ఎవరూ లేరు, నేనే ఇటు వచ్చాను, అంది. అంటే వచ్చి, చూసి, వెతికి, చివరికి ఫోను చేసేసరికి నాలుగు నిమిషాలు అయిపోయాయి.

అతను వైర్‌లెస్‌లో కోడల్ని పిలిచాడు. గేటవతలకి బండి పంపమన్నాడు. వీధి పేరు అడగబోయి ఆమె ఆగింది.

"మావయ్యా, పెద్దమ్మకా?"

"అక్కకే."

డ్యూటీలో ఆమె మావయ్యా అనడం అదే మొదలు. మిల్లు సెంటరులోకి వచ్చిన బండిని పంపించింది. ఆరు నిమిషాల్లో గేటు దగ్గరుంటుందని చెప్పింది. అతను అప్పటికే బండి తీసేశాడు. నర్సు వెనక్కి పోయి సిలిండరు విప్పుకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తెర పలికింది, మీరు స్థానం దాటారు. అర నిమిషానికి మళ్ళీ, మీరు స్థానం దాటారు. దారి పొడుగునా అలా పలుకుతూనే ఉంది, అదే గొంతుతో, తప్పిపోయిన పిల్లవాడికి ఇల్లు గుర్తుచేస్తున్నట్టు.

సగం దారిలో ఉండగా కోడలు మళ్ళీ మాట్లాడింది. గేటు వేసేశారు, గూడ్సు ఆగింది అంది. కాసేపటికి, మిల్లు నుంచి పోయిన బండిలోని కుర్ర నర్సు సిలిండరు భుజాన పెట్టుకుని వ్యాగన్ల మధ్యనుంచి దూరి అవతలికి పోయాడని, కట్ట దిగి పరుగెడుతున్నాడని చెప్పింది. ఆ తర్వాత అతను ఎన్నిసార్లు పిలిచినా, లైన్లోనే ఉన్నాను మావయ్యా, అని మాత్రమే అంది. ఆ జవాబుతో అతనికి తెలిసిపోయింది. అయినా బండి వేగం తగ్గించలేదు.

అతను చేరేసరికి గూడ్సు వెళ్ళిపోయి గేటు తీసి ఉంది. గేటవతల జనమంతా వీధిలోనే ఉన్నారు. బండిని చూసి దారి ఇచ్చారు, ఒక్కరూ తమ్ముడూ అనలేదు. అక్క గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. తల దువ్వుకుంది. కుర్ర నర్సు పక్కనే మోకాళ్ళ మీద ఉన్నాడు, అతని అరచేతులు నల్లగా గ్రీజు. పన్నెండు నిమిషాలు పట్టిందన్నా, అన్నాడు. క్షమాపణ అడుగుతున్నాడో, లెక్క చెప్తున్నాడో అతనికే తెలియదు. ఒళ్ళో ఉన్న సిలిండరు దించడం మర్చిపోయి, బండిలో నర్సు అలాగే కూర్చుండిపోయింది.

అక్క చేతి పక్కన, పాత చీర అంచుతో కట్టిన మూట ఉంది.

మూడు రోజులు పోయాక డ్రైవరు కంట్రోల్ రూముకి వెళ్ళాడు. యూనిఫారం వేసుకోలేదు. జేబులో కొత్త మెమో ఉంది, అనుమతి లేకుండా బండి కదిపినందుకు. పదిహేనేళ్ళ కిందటి దానిలో ఉన్న వాక్యమే ఇందులోనూ ఉంది, కాగితం మాత్రం తెల్లగా ఉంది. చంకలో మూట. మెట్ల దగ్గర నర్సు నిలబడి ఉంది. నేనూ వస్తాను పదన్నా, అంది. ఆవిడ చేతిలో ఆక్సిజను పుస్తకం ఉంది.

గోడ మీద తెర వెలుగుతోంది. గేటవతల బూడిదరంగులో ఇప్పుడు పన్నెండో ఎర్ర చుక్క ఉంది. కోడలు తెరకి వీపు తిప్పి కూర్చుంది.

డ్రైవరు మూట విప్పి క్యాలెండర్లు బల్ల మీద పరిచాడు. దాచకుండా అంతా చెప్పాడు. మెమో భయం, గాలి, లీకు, చెప్పకుండా ఆగిన నాలుగు వారాలు, చివర్లో తనే పెట్టుకున్న గురువారం. ఇంజనీరు మధ్యలో ఒక్క మాట అడ్డు రాలేదు. మూడేళ్ళ క్యాలెండర్లు ముందుకి లాక్కుని, సున్నాలు ఒక్కొక్కటే వేలితో తాకుతూ లెక్కపెట్టాడు. నర్సు తన పుస్తకంలోంచి చదివిన ప్రతి లీకు తారీకు చుట్టూ సున్నా ఉంది. అంతా అయ్యేసరికి సాయంత్రం అయింది. నాలుగొందల ముప్పై ఏడు అయ్యాయి. ఇంజనీరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. రేపు పొద్దున్నే ట్యాంకు కిందికి బండి వెళ్తుంది, అన్నాడు. ఎవరు నడుపుతారన్నది ఇద్దరూ ఎత్తలేదు.

డ్రైవరు క్యాలెండర్లు సర్దబోతూ ఆగాడు. చివరి క్యాలెండరులో ఈ నెల పేజీ. నెల మొదటి నుంచీ అంతా ఖాళీ. గురువారం తారీకు చుట్టూ మాత్రం ఎర్ర సున్నా ఉంది, గీత కాస్త వణికి ఉంది.

"దీన్ని కూడా కలుపుకున్నాను" అన్నాడు ఇంజనీరు.

డ్రైవరు ఆ పేజీ తన వైపు తిప్పుకున్నాడు.

"అది తీసెయ్యండి బాబూ. పొద్దున్నే చుట్టేసి ఉంటుంది, బండిలో వస్తానన్నాను కదా అని. ఆ రోజు నేను వెళ్ళేసరికి..." పేజీని చేత్తో పక్కకి జరిపాడు. "మిగతావన్నీ నిజాలే. అదొక్కటే తప్పు. నాలుగొందల ముప్పై ఆరు రాసుకోండి."

ఇంజనీరు పెన్ను తీసుకుని అంకె దిద్దాడు.